టబ్బా, షవరా? ఏది ఎక్కువ కాలం మన్నుతుంది?

ఇల్లు కడుతున్నవాళ్ల ఉత్తరాలు ఈమధ్య బాగా ఎక్కువయ్యాయి, అందులోనూ స్నానాల గది గురించి అడిగేవే ఎక్కువ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చినవాటిలో ఐదు ప్రశ్నలు ఈసారి తీసుకున్నాను. మొదటిదానికి జవాబు పొడుగైంది. మిగతావాళ్లు కూడా అది చదవాలి, ఎందుకంటే వాళ్ల ప్రశ్నలకు సగం జవాబు అందులోనే ఉంది.

ప్రశ్న: పాత పెంకుటిల్లు తీసేసి డాబా కడుతున్నాం. కింద మేము, పైన అబ్బాయి, కోడలు. పైన బాత్‌రూమ్‌లో టబ్బు పెట్టించాల్సిందేనని అబ్బాయి పట్టు పట్టాడు. ఒక షాపులో అక్రిలిక్ తీసుకోమన్నారు, ఇంకో షాపులో ఫైబర్ చాలన్నారు, మా తమ్ముడేమో ఇనుప టబ్బు అయితే మనవల దాకా ఉంటుందంటున్నాడు. మా అత్తగారికి 78 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అసలు ఏది గట్టిది?
- ఒక గృహిణి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముడి మాట. ఇనుప టబ్బు అంటే పోత ఇనుము, దాని మీద గాజుపొడిని బాగా ఎక్కువ వేడిలో కరిగించి పట్టించిన ఎనామిల్ పూత. గట్టితనంలో దానికి సాటి లేదు, ఆయన చెప్పింది నిజమే. గీతలు అంత తేలిగ్గా పడవు, రంగు మారదు. కానీ ఖాళీ టబ్బే 150 కిలోల దాకా ఉంటుంది, దాన్ని మెట్ల మీంచి పైకి చేర్చడమే ఒక పని. పైగా ఇత్తడి చెంబు చేజారి అంచు మీద పడితే ఎనామిల్ పెచ్చు లేస్తుంది, లేచినచోట తుప్పు మొదలవుతుంది. అదే పూతను పల్చటి స్టీలు రేకు మీద వేసిన టబ్బులు కూడా ఉన్నాయి, అవి తేలికే గానీ దెబ్బకు పెచ్చు లేవడం వాటికీ తప్పదు. చెంబు, బకెట్టు లేని బాత్‌రూమ్ మన ఇళ్లలో ఉండదు కాబట్టి ఎనామిల్ టబ్బు కొనమని నేను చెప్పను.

ఫైబర్ టబ్బులో గ్లాస్ ఫైబర్, రెజిన్ కలిపి ఆకారం తీసి, పైన జెల్‌కోట్ అనే పల్చటి రంగు పొర వేస్తారు. కొత్తలో అక్రిలిక్‌కీ దీనికీ తేడా తెలియదు. రోజూ పీచుతో రుద్దేకొద్దీ ఆ పొర అరిగి మెరుపు పోతుంది, ఆ తర్వాత మురికి పట్టుకుంటే వదలదు, అడుగు వంగిన చోట సన్నటి చారల్లాగా పగుళ్లు వస్తాయి. అద్దె పోర్షన్‌కి తక్కువ ఖర్చులో కావాలంటే సరే. మీరు ఉండే ఇంటికి మాత్రం వద్దు.

అక్రిలిక్ అంటే వేడి చేసిన అక్రిలిక్ షీటును అచ్చు మీదకి లాగి, వెనక ఫైబర్‌గ్లాస్‌తో బలం ఇస్తారు. రంగు పైపైన వేసింది కాదు, షీటు మందం మొత్తం అదే రంగు. అందుకే గీత పడితే సన్నటి నీటి ఎమెరీతో రుద్ది పాలిష్ పడితే పోతుంది. నీళ్లు పీల్చదు, తగిలితే చల్లగా ఉండదు, బరువు 30 కిలోల ప్రాంతంలో ఉంటుంది. టబ్బే కావాలంటే నా ఓటు దీనికే. అయితే అక్రిలిక్ అని అమ్మేవన్నీ అక్రిలిక్ కావు, లోపల ఏబీఎస్ అనే వేరే ప్లాస్టిక్ పెట్టి పైన పల్చగా అక్రిలిక్ పొర మాత్రం వేసినవీ దొరుకుతాయి, కాబట్టి షీటు మొత్తం అక్రిలిక్కేనా, మందం ఎన్ని మిల్లీమీటర్లు అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. షాపులోనే టబ్బును తిరగేయించి వెనక వైపు చూడండి, ఫైబర్ అన్నిచోట్లా సమంగా పట్టిందా, అడుగున పలక వేసి బలం ఇచ్చారా అని. అడుగు మీద అరచేత్తో గట్టిగా నొక్కితే లోపలికి దిగకూడదు. ఇంకో సంగతి, పెయింట్ థిన్నరు, నెయిల్ పాలిష్ తీసే అసిటోన్ పడితే అక్రిలిక్ పాడైపోతుంది, తలకి వేసుకునే రంగు పడి ఆరిపోతే మరక ఉండిపోతుంది. అందుకే బాత్‌రూమ్‌లో పెయింటింగ్ పని పూర్తయ్యాకే టబ్బు లోపలికి తెప్పించండి.

ఇక బరువు లెక్క. మామూలు టబ్బు 170 సెంటీమీటర్ల పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుందనుకుందాం, అంటే అది ఆక్రమించే చోటు సుమారు 1.3 చదరపు మీటర్లు. అక్రిలిక్ టబ్బు 30 కిలోలు, నీళ్లు 200 లీటర్లంటే 200 కిలోలు, మనిషి 70 కిలోలు, మొత్తం 300. చదరపు మీటరుకి 230 కిలోలు పడుతోంది. ఇనుప టబ్బయితే 320 దాటుతుంది. ఇళ్ల గదులకి స్లాబు డిజైన్ చేసేటప్పుడు మనుషులు, సామాను కింద చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన తీసుకుంటారు. బాత్‌రూమ్ కోసం స్లాబు కిందకి దింపి ఇటుక ముక్కలతో నింపితే ఆ బరువు దీనికి అదనం. అంతమాత్రాన స్లాబు కూలిపోతుందని కాదు, టెన్షన్ పడకండి. పోత పోయకముందే ఇంజనీరుకి ఇక్కడ టబ్బు వస్తుందని చెప్తే కమ్మీ ఆ మేరకు వేయిస్తారు. పోత అయిపోయాక చెప్తే ఎవరూ ఏమీ చేయలేరు.

అబ్బాయికి ఈ లెక్క కూడా చూపించండి. 25 లీటర్ల గీజరులో 65 డిగ్రీల వేడికి కాగిన నీళ్లను 25 డిగ్రీల నీళ్లతో కలిపి ఒంటికి పట్టే 38 డిగ్రీలకి తెస్తే 75 లీటర్లు వస్తాయి. టబ్బుకి కావాల్సింది 200. అంటే గీజరు మూడోసారి కాగేదాకా కూర్చోవాలి, అప్పటికి మొదటి నీళ్లు చల్లారిపోతాయి. టబ్బు నింపిన ప్రతిసారీ మూడు యూనిట్ల కరెంటు, పది బకెట్ల నీళ్లు. వేసవిలో మన బోర్లు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. వాడకం తగ్గి, నీళ్ల ఇబ్బంది వచ్చినప్పుడు ఆ టబ్బునే నీళ్లు నిల్వ చేసే తొట్టి చేసుకుంటారు, అందులో దోమలు గుడ్లు పెడతాయి, ఇంట్లో చిన్నపిల్లలుంటే అది ప్రమాదం కూడా.

అందుకని నా మాట ఇది. టబ్బు మానేసి, ఆ డబ్బుతో పైనా కిందా రెండు బాత్‌రూమ్‌లలోనూ షవర్ చోటు గట్టిగా కట్టించుకోండి. మీ అత్తగారు అర మీటరు ఎత్తున్న టబ్బు గోడ దాటి లోపలికి కాలు వేయలేరు, కింద కూడా పొరపాటున టబ్బు పెట్టించకండి. ఆమెకి కావాల్సింది గడప లేని, నీళ్లు వాటంగా పోయే నేల, గోడకి గట్టి పట్టుకమ్మీ, కూర్చోడానికి అడుగున్నర ఎత్తులో గ్రానైట్ పలక. మన జిల్లాలోనే టెక్కలి దగ్గర గ్రానైట్ క్వారీలు ఉన్నాయి, రాయి కోసం దూరం వెళ్లాల్సిన పని లేదు. గ్రానైట్‌కి నీళ్లన్నా సబ్బన్నా లెక్కలేదు. కాకపోతే అద్దంలా పాలిష్ పట్టిన రాయి తడిస్తే జారుతుంది, కూర్చునే పలకకి పాలిష్ పర్వాలేదు, నేలకి మాత్రం గరుకు ఫినిష్ అడగండి.

నేలకి టైల్ వేయించేటట్టయితే గరుకుగా ఉండే మ్యాట్ విట్రిఫైడ్ తీసుకోండి. విట్రిఫైడ్ టైల్ పీల్చే నీళ్లు దాని బరువులో అర శాతం లోపే. గోడకి వేసే మామూలు సిరామిక్ టైల్ పది శాతానికి పైగా పీలుస్తుంది, అది గోడకి పర్వాలేదు, నేలకి వేస్తే ఎన్నాళ్లో ఉండదు. పెట్టె మీద ఆర్ 10 అనో ఆర్ 11 అనో ఉంటుంది, అది జారకుండా పట్టు ఇచ్చే కొలత, అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. నూనె రాసుకుని సున్నిపిండితో నలుగు పెట్టుకునే ఇల్లు, కుంకుడుకాయ రసంతో తలంటుకునే ఇల్లు అయితే ఆర్ 11 కి తగ్గొద్దు. పండగనాడు పొద్దున్నే నూనె పడిన నేల మీద పెద్దవాళ్లు జారిపడటం ఎంత బాధో ఆ ఇళ్లవాళ్లకే తెలుసు.

విట్రిఫైడ్ టైల్‌ని తాపీమేస్త్రి మామూలు సిమెంటు పాలతో అతికిస్తానంటే ఒప్పుకోకండి. అది నీళ్లు పీల్చదు కాబట్టే సిమెంటు దాన్ని సరిగ్గా పట్టుకోదు, కొన్నాళ్లకి తడితే బోలుగా మోగుతుంది, తర్వాత లేస్తుంది. టైల్ అతికించే గమ్ము పౌడర్ వాడమనండి. సందులకి తెల్ల సిమెంటు కాకుండా ఎపాక్సీ గ్రౌట్ పెట్టించండి. ఖర్చు ఎక్కువే, కానీ నీళ్లు దిగవు, నల్లబడవు, పసుపు మరక అంత తేలిగ్గా పట్టదు. తెల్ల సిమెంటు సందులో నలుగు పసుపు పడి సబ్బు తగిలితే ఎర్రగా మారుతుంది, ఎంత తోమినా తొందరగా పోదు.

అన్నిటికంటే ముందు, టైల్ కింద ఏముందో అదే మీ బాత్‌రూమ్ ఆయుష్షు. స్లాబు శుభ్రంగా కడిగి, గోడా నేలా కలిసే మూలల్ని గుండ్రంగా పూడ్చి, పైపులు స్లాబు దాటే చోట్లు ప్రత్యేకంగా మూసి, వాటర్‌ప్రూఫింగ్ పూత రెండు కోట్లు వేయించండి. గోడల మీద ఒక అడుగు ఎత్తు దాకా, షవర్ ఉన్న గోడకి ఆరడుగుల దాకా. ఆరాక పైపు మూతి మూసేసి 48 గంటలు నీళ్లు నిలబెట్టండి. కింద గది కప్పు మీద తడి కనిపించకపోతేనే టైల్ మొదలుపెట్టాలి. మేస్త్రి తొందరపెడతాడు, పని ఆగిపోతుందంటాడు, ఆ రెండు రోజులు మాత్రం మీరు దిగిరావద్దు. నీళ్లు నహానీ ట్రాప్ (నేలలో జాలీ కింద నీళ్లు బయటికి పోయే గొట్టం) వైపు పోయేలా మీటరుకి ఒక సెంటీమీటరుకి తక్కువ కాకుండా వాటం ఉండాలి. టైల్ వేశాక చెంబుడు నీళ్లు పోసి ఎక్కడా నిలవలేదని చూసుకోండి.

అబ్బాయి అప్పటికీ టబ్బే అంటే అక్రిలిక్కే, కాళ్ల మీద నిలబెట్టడంతో సరిపెట్టకుండా అడుగున సిమెంటు ఇసుక పరుపు వేయించి కూర్చోబెట్టాలి, పక్కన చిన్న తలుపు వదలాలి. కింద ఉండే పైపు కారితే టబ్బు పగలగొట్టకుండా చెయ్యి పెట్టడానికి అదే దారి.

ప్రశ్న: మా బాత్‌రూమ్ నేల నల్ల నాపరాళ్లు. మొదట్లో నున్నగా మెరిసేవి, ఇప్పుడు తెల్లటి మచ్చలు, గరుకు. పనమ్మాయి వారం వారం యాసిడ్ పోసి బాగానే కడుగుతోంది, అయినా ఇలా అయ్యాయి. తీసేసి మార్బుల్ వేయిద్దామని మా ఆవిడ అంటోంది. మార్బుల్ గట్టిదేనా?
- రిటైర్డ్ ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: మాస్టారూ, అయినా కాదు, యాసిడ్ పోసి కడగడం వల్లే ఇలా అయ్యాయి. నాపరాయి, కడప రాయి, మార్బుల్ అన్నీ సున్నపురాయి జాతివే. బాత్‌రూమ్ యాసిడ్ అని సీసాల్లో అమ్మేది హైడ్రోక్లోరిక్ యాసిడ్, టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేదీ అదే, కాస్త పలచగా. పోసినప్పుడు నేల మీద బుసబుసా నురగ వస్తుంది చూడండి, అది మురికి పోవడం కాదు, రాయి కరిగిపోవడం. మార్బుల్ వేయించి ఇదే సీసా వాడితే అది ఇంతకంటే తొందరగా పాడవుతుంది, నిమ్మకాయ పిండిన నీళ్లు పడినా మచ్చ తేలుతుంది. కాబట్టి మార్బుల్ వద్దని మేడమ్ గారికి చెప్పండి, అది హాల్లోకి అందం, స్నానాల గదికి కాదు.

మీ నాపరాళ్లు కదలకుండా ఉంటే తీసేయక్కర్లేదు. మిషను పెట్టి పైన అరగదీసి మళ్లీ పాలిష్ పట్టేవాళ్లు ఉన్నారు, బాత్‌రూమ్ కాబట్టి అద్దం మెరుపు దాకా వెళ్లకుండా మధ్యలో ఆపమనండి, జారదు. తర్వాత సబ్బుపొడి నీళ్లు, మెత్తటి బ్రష్, అంతే. యాసిడ్ ఒక్క రాయినే కాదు, టైళ్ల మధ్య సిమెంటు సందుల్ని తినేస్తుంది, దాని ఆవిరి కుళాయిల మెరుపును, స్టీలు జాలీని కూడా పాడు చేస్తుంది. చాలా ఇళ్లలో కుళాయి కంపెనీ మంచిది కాదనుకుని మార్చేస్తుంటారు, తప్పు సీసాది.

ఇది మాత్రం పనమ్మాయికి తప్పకుండా చెప్పండి, మీరే దగ్గరుండి చెప్పండి. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు రెండూ ఎప్పుడూ కలపకూడదు, ఒకదాని వెంట ఒకటి కూడా పోయకూడదు. క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, తలుపు వేసి ఉన్న చిన్న గదిలో అది ఊపిరితిత్తుల్ని దెబ్బ తీస్తుంది, ప్రాణం మీదకి వస్తుంది.

ప్రశ్న: కళింగపట్నంలో సముద్రానికి దగ్గరగా మా ఇల్లు. షవర్ రాడ్డు, టవల్ కమ్మీ, నహానీ జాలీ అన్నీ స్టీలువే వేయించాం, అయస్కాంతం పెట్టి అంటుకోలేదని చూసి మరీ కొన్నాం. ఏడాది తిరక్కుండా తుప్పు మచ్చలు వచ్చేశాయి. మోసం జరిగిందా?
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: బాబూ, అయస్కాంతం పరీక్షని అంతగా నమ్మకూడదు. చవకరకం 202 స్టీలుకీ అయస్కాంతం అంటదు, మంచిరకం 304 కీ అంటదు. తేడా నికెల్ పాళ్లలో ఉంటుంది, అది చూపుకి తెలియదు. మీరు కొన్నది 202 అయి ఉండొచ్చు. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, 304 కి కూడా అక్కడ మచ్చలు వస్తాయి, కాకపోతే నెమ్మదిగా. మాలిబ్డినం కలిసిన 316 ఉప్పుగాలికి తట్టుకుంటుంది. తీరం ఊళ్లలో ఉన్నవాళ్లు, కళింగపట్నమైనా, బారువ అయినా, అటు విజయనగరం జిల్లాలో చింతపల్లి అయినా, కమ్మీలకి, జాలీలకి 316 అడిగి, ఆ అంకె బిల్లులో రాయించుకోండి. మర మేకుల సంగతి అందరూ మర్చిపోతారు, మంచి కమ్మీని మామూలు ఇనుప మేకులతో బిగిస్తే ముందు మేకు తుప్పు పట్టి గోడ మీద ఎర్ర చార దిగుతుంది.

కుళాయిలు, షవర్ ఇత్తడి మీద క్రోమ్ ప్లేటింగ్ వేసినవి తీసుకోండి. చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది. చేతి షవర్ మాత్రం ఏబీఎస్ ప్లాస్టిక్‌దైనా తప్పు లేదు, దానికి తుప్పు పట్టే లోహమే ఉండదు. తలుపు పీవీసీ లేదా చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ. అద్దం అడ్డు పెట్టుకోవాలనుకుంటే 8 లేదా 10 మిల్లీమీటర్ల టఫెండ్ గ్లాస్, పగిలినా మొద్దు ముక్కలుగా రాలుతుంది. దానికి రంధ్రాలు, కోతలు అన్నీ ఫ్యాక్టరీలోనే ముందుగా చేయించాలి, తర్వాత కోద్దామంటే మొత్తం పగిలిపోతుంది, కాబట్టి కొలతలు టైళ్లు వేశాకే ఇవ్వండి. స్నానం అయ్యాక కమ్మీల మీద మంచినీళ్లు పోసి పొడిగుడ్డతో తుడిచే అలవాటు ఉంటే ఉప్పు నిలవదు.

ప్రశ్న: బొబ్బిలిలో మా ఇంట్లో పెద్ద రెయిన్ షవర్ పెట్టించాం, చాలా ఖరీదు. నీళ్లు వానలా కాదు, కారుతున్నట్టు పడుతున్నాయి. షవర్ లోపమా?
- కొత్త ఇంటివాళ్లు

జవాబు: షవర్‌లో లోపం లేదు, ట్యాంకు ఎత్తు చాలడం లేదు. నీటి మట్టం పది మీటర్ల ఎత్తులో ఉంటే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. డాబా మీద ట్యాంకు, దాని కిందే పై అంతస్తు బాత్‌రూమ్ అంటే మధ్యలో ఉండేది రెండు మూడు మీటర్లు, అంటే 0.3 బార్‌కి మించదు. పెద్ద పళ్లెమంత షవర్‌కి అది చాలదు. ట్యాంకుని ఇంకాస్త ఎత్తు దిమ్మ మీదకి మార్చండి, లేదంటే చిన్న ప్రెషర్ పంపు పెట్టించండి, అదీ కాదంటే తక్కువ ఒత్తిడికి పనిచేసే చిన్న షవర్ వేసుకోండి. పంపు పెట్టేముందు పైపులు ఆ ఒత్తిడికి తట్టుకునేవేనా అని ప్లంబర్‌ని అడగండి, వేడినీళ్ల లైన్ వేడికి తట్టుకునే సీపీవీసీ రకం పైపు అయి ఉండాలి, మామూలు పీవీసీ వేడికి మెత్తబడుతుంది.

ప్రశ్న: చీపురుపల్లి దగ్గర మా పల్లెలో బోరు నీళ్లే. షవర్ రంధ్రాలు మూసుకుపోతున్నాయి, టైళ్ల మీద తెల్లపొర. ఏం చేయాలి?

జవాబు: నీళ్లలో సున్నం ఎక్కువ. షవర్ తల విప్పి, బకెట్‌లో గోరువెచ్చటి నీళ్లు పోసి రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగేయండి. రంధ్రాలకి రబ్బరు మొనలున్న షవర్ కొంటే వేలితో రుద్దినా పొర రాలిపోతుంది. టైళ్ల మీద పొరకి అవే నీళ్లు గుడ్డతో అద్ది ఐదు నిమిషాలయ్యాక కడిగేయండి, నేల నాపరాయి అయితే మాత్రం ఆ నీళ్లు దాని మీద పడనివ్వకండి. ఒకసారి నీళ్లు పరీక్ష చేయించండి. తాగేనీటి ప్రమాణాల ప్రకారం లీటరుకి 200 మిల్లీగ్రాముల కాఠిన్యం దాకా మంచివి, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మీది 600 దాటితే ఇంటి మొత్తానికి నీళ్లలో సున్నం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టించుకోవడం మంచిది, గీజరు కాయిల్ కూడా బతుకుతుంది.